తల్లి వైపు నుంచి

“తీపిచ్చేద్దాం,” అన్నాడు హనుమేష్. “లోపలికి పోయి నేనే అడుగుతా. నువ్వు నోరు మెదపొద్దు.”

కడప ఆసుపత్రిలో రక్తం డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్న సుప్రజ, మొగుడి వైపు గిర్రున తిరిగింది. ఆమెకు మూడో నెల.

“నా కడుపులో బిడ్డను తీపిచ్చేదానికి నువ్వొక్కనివే అనుకుంటే సరిపోతాదా మామా?”

“జబ్బు నాది. అదెట్లుంటాదో నాకు తెల్సు గాబట్టి చెప్తాండా.”

తెలియకేం! రక్తం గడ్డకట్టని జబ్బు అతనిది. చిన్న గాయమైనా కారుతూనే ఉంటుంది. గాయం కాకపోయినా కీళ్లలోకి చేరి అవి వాస్తాయి. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తూకం వేసే కాటా దగ్గర, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఆ కుర్చీలోంచి లేవడానికే ఒక్కోరోజు ఇద్దరు మనుషులు పట్టాలి. ఈరోజు కూడా కుడి మోకాలు గుమ్మడికాయంత అయి కూర్చుంది. అలాంటి మనిషికి ధైర్యం చెప్పడం మనబోటి వాళ్లకు సులువే.

“పాల పండ్లు ఊడేటప్పుడు నా నోట్లో నుంచి ఎంత నెత్తురు పోయిందో అక్కనడుగు. ఆడుకుంటే దెబ్బ తగుల్తాదని నన్ను గడప దాటనీలేదు. నా అట్లాటోన్ని ఇంకొకన్ని కనాల్నా?”

“అడిగినా. కనమనే చెప్పింది.”

“ఆమె అట్లే అంటాది. నన్ను సాకినా కదా అని ఆమె ధైర్యం.”

“నిజమే గదా! నువ్వు బతకలేదా? పనికి పోతాండావు, నవ్వుతాండావు, నాతో కొట్లాడతాండావు. వాడూ అట్లే బతుకుతాడు.”

“నేను దిండు కొరుక్కోని ఏడ్చేది నువ్వు చూడ్లేదా సుప్రజా?”

చూసింది. పిల్లలంటే ఆమెకు ప్రాణం. మొగుడన్నా ప్రాణమే. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే ఏ ఆడదైనా ఏం చేస్తుంది?

“సరే,” అంది చివరికి. “బిడ్డకు వస్తాదని డాక్టరు చెప్తే తీపిచ్చుకుంటా. రాదంటే మాత్రం నువ్వు ఇంగ ఆ మాట ఎత్తకూడదు. ఒట్టెయ్.”

ఒట్టేశాడు. వేశాడే గానీ, ఏ ఆశా పెట్టుకోలేదు. ఇంత జబ్బు ఉన్నవాడి కొడుక్కి రాకుండా ఎక్కడికి పోతుంది!

లోపల ఉన్నది కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. వాకిట్లో జనం తోసుకుంటున్నారు. హనుమేష్ చెప్పిందంతా గబగబా విని, సుప్రజ వైపు చూశాడు.

“మీదీ ఎర్రగుంట్లేనా అమ్మా?”

“కాదు సార్. బనగానపల్లె.”

“ఓహో, అంత దూరం సంబంధమా! అయితే భయం లేదు. ఈ జబ్బు తండ్రి నుంచి కొడుక్కి రాదు. మగపిల్లాడికి వచ్చేది తల్లి నుంచే. మీ ఆవిడలో లోపం లేనప్పుడు మీ కొడుక్కి ఎందుకొస్తుంది?”

అందులో ‘రాదు’ అన్న మాట ఒక్కటే వాళ్ల చెవిన పడింది.

“రాదా సార్? నిజంగా రాదా?”

“మీ నుంచి రాదు. ఆడపిల్ల పుడితే లోపం ఆమెలో ఉంటుంది గానీ, మామూలుగా ఆమెకేమీ కాదు.”

హనుమేష్ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు. సుప్రజ ఏడుస్తూనే నవ్వింది. డాక్టరు ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా మొగుడి భుజం మీద ఒక్కటిచ్చింది. “తీపిచ్చేద్దామంటివే! పాపిష్టోడా!”

“తప్పయిపాయె. కొడుకైనా సరే, కూతురైనా సరే. ఇంగ ఆ మాట ఎత్తితే చెప్పుతో కొట్టు.”

పోయిన ప్రాణాలు లేచొచ్చినట్టున్న ఆ ఇద్దరినీ చూసి డాక్టరూ నవ్వాడు. తరవాతి రోగిని పిలవబోతూ ఏదో గుర్తొచ్చి ఆగాడు.

“మీ అమ్మ వైపు ఆడవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మీకు ఈ జబ్బు ఆవిడ నుంచే వచ్చి ఉంటుంది. తోడబుట్టినవాళ్లు ఉన్నారా?”

“అమ్మ లేదు సార్. అక్క ఒకతే. ఆమెకేం, గుండ్రాయి మాదిరి ఉండాది.”

“అలాగే ఉంటారు. లోపం ఆడవాళ్లలో సాధారణంగా బయటపడదు. వాళ్లు కన్న మగపిల్లల్లో బయటపడుతుంది. కూతురుంటే ఆమెకూ వెళ్లొచ్చు. మీ అక్కకు కూతుళ్లున్నారా?”

హనుమేష్ సుప్రజ వైపు తిరిగాడు. సుప్రజ నవ్వు ఆగిపోయింది.

“ఒకతే సార్.”

“అయితే కడుపు పండకముందే ఆ అమ్మాయిని పంపించండి, పరీక్ష చేద్దాం. ఆమెలో లోపం ఉంటే, పుట్టే మగపిల్లాడికి మీలాగే రావచ్చు. పెళ్లయిందా?”

“అయింది సార్,” అన్నాడు హనుమేష్. “జబ్బోనికి బయటోళ్లు ఎవురూ పిల్లనియ్యరని, మా అక్క నాకే ఇచ్చి చేసింది.”