తేలని ఓటు

"అది మాదే. ఇందులో ఇంతసేపు చూడ్డానికేముంది?" అంటూ బస్సు డ్రైవరు బల్ల మీదున్న ఓటు కాగితం మీదికి వంగాడు.

"చెయ్యి పెట్టావంటే ఊరుకోను బావా," అన్నాడు బడిపంతులు.

చెరో పక్షం తరఫున ఏజెంట్లుగా వచ్చిన ఆ ఇద్దరి మధ్యా కౌంటింగ్ ఆఫీసరు కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడ ఎవరి పక్షమూ వహించి ఎరగదు. ఆవిడ మనసు ఎటువైపో కట్టుకున్న మొగుడికే అంతుపట్టదని ఆఫీసులో చాటున నవ్వుకునేవాళ్లు. అందుకే రెండు పక్షాలవాళ్లూ ఆవిడ పేరుకి మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

పెద్ద సమాఖ్యలోనే ఉండిపోదామా, విడిపోయి సొంత దేశం అవుదామా అని జనాన్నడిగిన ఓటింగు అది. ఇరవై ఒక్క జిల్లాల్లో ఎక్కువ జిల్లాలు ఎటంటే అటు. పది జిల్లాలు అటూ పది ఇటూ తేలిపోయాయి. ఈ జిల్లాలో రెండు పక్షాలకూ సరిసమానంగా ఓట్లు పడ్డాయి. రెండుసార్లు తిరగలెక్కేసినా అంతే. చివరిదాకా సమానంగానే ఉంటే ఉన్న పద్ధతే కొనసాగాలని రూలు. ఇక మిగిలింది ఈ ఒక్క కాగితం.

అందులో 'విడిపోవాలి' గడిలో పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టి, రబ్బరుతో చెరిపేశారు. 'కలిసుండాలి' గడిలోనూ పెట్టి చెరిపేశారు. రెండూ ఇంకా మసగ్గా కనిపిస్తూనే ఉన్నాయి.

"అసలు రబ్బరున్న పెన్సిళ్లు కొనమని చెప్పిందెవరండీ?" అన్నాడు పంతులు.

"నేనే. నాదే పొరపాటు," అంది ఆఫీసరు తలెత్తకుండా. "ఓటరు ఉద్దేశం తెలిస్తే ఓటు లెక్కలోకి వస్తుంది. తెలియకపోతే చెల్లదు. మీ వాదన చెప్పండి. ఒకరి తర్వాత ఒకరు."

పంతులు బావవైపు తిరిగాడు. "సమానమైతే ఎలాగూ మీదే గెలుపు కదా. దీనికోసం కూడా ఎందుకు నీ పాకులాట?"

"అలా గెలిస్తే నువ్వు జన్మంతా దెప్పుతావు. ఒక్క ఓటుతోనైనా సరే, న్యాయంగా గెలిచి నీ నోరు మూయించాలి. మూడు నెలలుగా మనిద్దరికీ విడివిడిగా వడ్డించలేక మీ చెల్లెలు చస్తోంది."

"చూడండమ్మా," అన్నాడు పంతులు, అతన్ని పట్టించుకోకుండా. "విడిపోవాలన్న గడిలో కాగితం ఎలా అరిగిపోయిందో! అంత గట్టిగా నొక్కి పెట్టాడంటే అదే అతని మనసు. తర్వాత భయమేసింది, చెరిపేశాడు. భయపడక ఏం చేస్తాడు? మన ముఖం కూడా చూడనివాళ్లు ఎక్కడో కూర్చుని మనకి చట్టాలు రాస్తారు. ముప్పై ఏళ్లు వాళ్లు రాసిన పాఠాలే చెప్పాను. మన నది గురించి అందులో ఒక్క ముక్క లేదు."

"నీకు పుస్తకంలో నది ఉంటే చాలు. నేను రోజూ ఆ నది మీద వంతెన దాటాలి. రేపు విడిపోతే వంతెన మధ్యలో గేటు పడుతుంది. అవతలి ఊళ్లో డయాలసిస్ కోసం నా బస్సులో ఎంతమంది వెళ్తున్నారో తెలుసా? అందులో మీ చెల్లెలు కూడా ఉంది. పాస్‌పోర్టు చూపించి వైద్యం చేయించుకోవాలా అది?"

"ఇవతల ఆస్పత్రి లేకుండా చేసిందెవరు? అడిగినప్పుడల్లా 'చూద్దాం' అన్నదెవరు? మీ సమాఖ్యే కదా!"

ఆఫీసరు ఒక్కసారిగా తలెత్తింది. "విడిపోతే ఆస్పత్రి కట్టుకోడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

పంతులు తడబడ్డాడు. "ఐదేళ్లు. మహా అయితే ఆరు."

"దానికి అన్నేళ్లున్నాయా బావా?" అన్నాడు డ్రైవరు మెల్లగా.

చెల్లెలి ముఖం గుర్తొచ్చి పంతులు కుర్చీలో కూలబడ్డాడు.

ఆఫీసరు ఈసారి డ్రైవరువైపు తిరిగింది. "కలిసుంటే వాళ్లు మనకి ఆస్పత్రి కట్టిస్తారని మీకు నమ్మకముందా?"

అబద్ధం చెబితే ఈ ఓటు తనకే వస్తుందని డ్రైవరుకి అనిపించింది. అయినా నోరు రాలేదు.

"లేదండీ," అన్నాడు.

పక్కనే కాగితాలు సర్దుతున్న గుమాస్తా బిక్కుబిక్కుమంటూ అడిగాడు. "మేడమ్, ఓటు చెల్లుతుందో లేదో తేల్చడానికి ఇవన్నీ ఎందుకండీ?"

"నాకు కావాలి," అంది ఆవిడ విసురుగా.

బయట జనం అరుపులు కిటికీ అద్దాల్ని అదరగొడుతున్నాయి. రాజధాని నుంచి ఫోను రెండోసారి మోగి ఆగిపోయింది. ఆవిడ కాగితాన్ని వెలుగులోకి తిప్పి ఒక గడివైపు చూసింది, మళ్లీ రెండో గడివైపు చూసింది. డ్రైవరూ పంతులూ పోట్లాట మరిచిపోయి ఇద్దరూ ఆవిడ చేతివైపే చూస్తున్నారు.

చివరికి ఆవిడ ఎర్ర ముద్ర అందుకుంది.

"ఓటరు ఉద్దేశం తెలియడం లేదు. ఈ ఓటు చెల్లదు."

గుమాస్తా కిటికీ తీసి ఫలితం చెప్పగానే సగం వీధి కేకలు పెట్టింది, సగం వీధి మూగబోయింది. పంతులు ఏడుపు ఆపుకోలేకపోయాడు. "ఎవడో ఒక్క మనిషి తేల్చుకోలేక దేశాన్నే పుట్టనివ్వలేదు. వాడెవడో కనిపిస్తే చొక్కా పట్టుకుని అడిగేవాణ్ణి!"

డ్రైవరుకి గెలిచిన సంబరం లేదు. బావ భుజం మీద చెయ్యేసి లేవదీసి, బయటికి నడిపించుకుపోయాడు.

గుమాస్తా సీలు వేయడానికి కవరు తెచ్చాడు. "మేడమ్, పోనీ ఇంకొక్కసారి చూస్తారా? సీలు పడేదాకా మించిపోయింది లేదు."

"ఎన్నిసార్లు చూసినా నాకు తెలియదయ్యా," అంటూ ఆవిడ కాగితాన్ని కవర్లో పెట్టేసింది.

ఆ ఓటు ఆవిడదే.