పిచ్చుకతో జత

“ఆ ముక్క డెబ్భై క్యాలరీలు,” అంది అమ్మమ్మ. “వెన్న రాస్తే నూట పది.”

రొట్టె మీదికి వెళ్తున్న చాకు ఆగిపోయింది. చిన్ని దాన్ని మెల్లగా పళ్ళెం పక్కన పెట్టేసింది.

“అమ్మా, దాని ముందు అంకెలు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పిందా లేదా?” అంది చిన్ని తల్లి.

“నేను చెప్పింది తప్పయితే చెప్పు, దిద్దుకుంటాను.”

తప్పు కాదు. అదే వచ్చిన చిక్కు. అమ్మమ్మ ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. డెబ్భై దగ్గర పడుతున్నా ఆవిడ నడుం కొలత పెళ్ళినాటిదే. రక్తపోటు లేదు, మోకాళ్ళ నొప్పులు లేవు. ఇదంతా కొలిచి తినబట్టేనని ఆవిడ గట్టి నమ్మకం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆవిణ్ణి చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా. తల్లి దారి వేరు. ఆమె ఫిజియోథెరపిస్టు. సత్తువ లేక నాలుగడుగులు వెయ్యలేనివాళ్ళని రోజూ చూస్తుంది. కడుపునిండా తిననిదే కండ ఎక్కణ్ణించి వస్తుందంటుంది. ఈ ఇద్దరి వాదనలు వింటూ పెరిగిన చిన్ని, పదిహేడో ఏట, ఏ పక్షమూ చేరకుండా తిండి మానేసింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. సన్నబడ్డావు, బావున్నావు అన్నవాళ్ళే ఎక్కువ. కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాక బయటపడింది, పిల్ల గుండె నిమిషానికి నలభైసార్లే కొట్టుకుంటోందని. ఆ రోజు తల్లి డ్యూటీలో ఉంటే, ఆసుపత్రికి పరిగెత్తింది అమ్మమ్మే. వెళ్ళినావిడ ఊరుకోలేదు. తక్కువ తినడం జబ్బెలా అవుతుందని డాక్టరమ్మతో గంటసేపు తగువాడి, ముఖం గంటు పెట్టుకుని బయటికొచ్చింది.

డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టింది. రోజుకి ఆరుసార్లు తినాలి. వారం వారం కొంచెం పెంచాలి. బరువు చూసుకునే మిషన్ ఇంట్లో ఉండకూడదు. వీటన్నిటితోపాటు, అదే బాధలోంచి బయటపడుతున్న ఇంకో మనిషితో ఫోన్‌లో నంబర్లు కనబడని యాప్ ద్వారా జత కలిపింది. అసలు పేరు, వయసు, చిరునామా చెప్పుకోకూడదు. అన్నీ రాతల్లోనే. ఆరు నెలలు ఇద్దరూ నిలదొక్కుకుంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. చిన్నికి కుదిరిన జత పెట్టుకున్న పేరు పిచ్చుక.

‘రెండో ముక్క తినాలంటే నాకు భయం. నీకు?’ అని మొదటిరోజే రాసింది పిచ్చుక.

ఆ మాట చిన్ని ఇంట్లో ఎవరితోనూ అనలేదు. చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, ‘నాకూ’ అని రాసింది.

పిచ్చుక నీతులు చెప్పేది కాదు. తనేం తిన్నదో, తినేముందు ఎంతసేపు తటపటాయించిందో రాసేది. అందరిముందూ తినలేక అరటిపండు గదిలోకి పట్టుకెళ్ళానని ఒకరోజు. సగం పారేశాను, తర్వాత నామీద నాకే ఏడుపొచ్చింది అని ఇంకోరోజు. పొద్దున్నే మాత్రం, ‘నేను మొదలుపెడుతున్నా, నువ్వూ కానియ్యి’ అని తప్పకుండా వచ్చేది. చిన్ని ఆ సందేశం చూసుకుని పాలగ్లాసు ఎత్తేది. పిచ్చుక ముందు తను ఓడిపోకూడదన్న పంతం కొంత, పిచ్చుకని ఒంటరిగా వదిలెయ్యకూడదన్న జాలి కొంత.

తల్లికి ఇది నచ్చలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి, తిన్నట్టు నటించే కిటుకులు నేర్పుతోందేమోనని ఆమె భయం. మూడో నెలలో ఒకరోజు భోజనాల దగ్గర నిలదీసింది. చిన్ని కోపంగా ఫోన్ చేతికిచ్చింది. ఆ పొద్దున వచ్చిన సందేశం తల్లి పైకే చదివింది.

‘నేను దీన్ని క్రమశిక్షణ అనుకున్నాను. మెచ్చుకున్నవాళ్ళేగానీ జబ్బని చెప్పినవాళ్ళు లేరు. ఆకలంటే ఎలా ఉంటుందో మర్చిపోయాను.’

తల్లి ఫోన్ తిరిగిచ్చేసింది. “ఎవరు కన్న పిల్లో, పాపం,” అంది. కోపమంతా అమ్మమ్మ మీదికి తిరిగింది. “విన్నావా అమ్మా? ఆ పిల్ల ఇంట్లోనూ నీలాంటివాళ్ళు ఒకరుండే ఉంటారు.”

అమ్మమ్మ పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ నోట అంకెలు తగ్గాయి. ఒకట్రెండుసార్లు నాలిక చివరిదాకా వచ్చినవాటిని మింగేసింది కూడా. ఇన్నాళ్ళకి అమ్మ మీద తనే గెలిచానని తల్లి సంబరపడింది.

చిన్ని మెల్లగా మనుషుల్లో పడింది. రాలిపోయిన జుట్టు మళ్ళీ వచ్చింది. కాలేజీ వాలీబాల్ జట్టులో తన పాత చోటు మళ్ళీ సంపాదించుకుంది. ఆరో నెల పరీక్షల్లో గుండె అరవై రెండు కొట్టింది. ఇద్దరూ గట్టెక్కారు, ఇక మాట్లాడుకోండి అని డాక్టరమ్మ ఫోన్ చేసుకునే వీలు కల్పించింది.

ఆదివారం మధ్యాహ్నం చిన్ని మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కనే తల్లి.

“స్పీకర్లో పెట్టవే. ఆ పిల్లకి నేనూ ఓ మాట చెప్పాలి.”

“ఏం చెప్తావ్?”

“ఒకసారి మనింటికి భోజనానికి రమ్మంటాను.”

చిన్ని నవ్వి పిచ్చుక పేరు మీద నొక్కింది. రెండుసార్లు మోగింది.

గోడకవతల అమ్మమ్మ “హలో” అంది.