స్టీరింగు పట్టినవాడు

“ఇంతవరకు నిజమైన కారు యాడన్నా ముట్టుకున్నావా?” అని అడిగాడు దొరస్వామి.

“మిషన్లో కార్లు నిజం కార్లకన్నా జోరుగా పోతాయి మామా,” అన్నాడు గంగాధరం.

రేణిగుంట రైల్వే స్టేషను బయట నిలిచి ఉన్న తెల్ల అంబాసిడరులో, డ్రైవరు సీటును అతడు అప్పటికే ఆక్రమించుకున్నాడు. కారు దొరస్వామిది. రైలు దిగిన యాత్రికులను తిరుపతి చేర్చడం ఆయన వ్యాపారం. పాత డ్రైవరు మద్రాసు వెళ్లిపోవడంతో ఆ సీటు ఖాళీ అయింది. గంగాధరానికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో వెనక సీటులో కూర్చున్న అతని తల్లి యశోదమ్మకు తెలుసు. ఏ పనిలోనూ నిలవని కొడుక్కి ఇదే ఆఖరు అవకాశమనీ, ఇదీ పోతే మర్నాడే గూడూరు రైలెక్కించి, తన తమ్ముడి నిమ్మకాయల మండీలో మూటలు మోయడానికి పంపుతాననీ ఆమె ఇంట్లోనే తేల్చి చెప్పింది.

గంగాధరానికి ఉన్న అర్హత ఒక్కటే. తిరుపతి బస్టాండు దగ్గర కొత్తగా వెలసిన వీడియో ఆటల అంగడిలో, రూపాయి బిళ్ల వేస్తే ఆడే కారు పందెం మిషను మీద అతణ్ణి ఓడించినవాడు లేడు. ఆ విజయాల నుంచి అతడొక సిద్ధాంతం రాబట్టాడు. స్టీరింగు పట్టి, దేనికీ తగలకుండా పోగలవాడే డ్రైవరు. తక్కినదంతా మెకానిక్కు చూసుకోవలసిన వ్యవహారం. అనేక సిద్ధాంతాల మాదిరిగానే దీన్ని కూడా ఎవరూ అంతవరకు పరీక్షకు పెట్టలేదు.

“సరే,” అన్నాడు దొరస్వామి, అతని పక్కన కూర్చుంటూ. “తిరుపతిలో షెడ్డు దాకా పట్టుకురా. బండికి గీత పడకుండా చేరిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.”

“గీత కాదు మామా, దుమ్ము కూడా పడనీను.”

కారెక్కడం యశోదమ్మకు అదే మొదలు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, బిడ్డ గట్టెక్కితే తలనీలాలు ఇస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకుంది.

ముందున్న ఇటుకల లారీ హారను కొట్టి బయలుదేరింది. కారు కూడా ఒక కుదుపుతో కదిలింది.

“ఆ లారీ ఎనకాలే పో,” అన్నాడు దొరస్వామి. “బ్రేకు మీద కాలు పెట్టుకోనుండు. అది నిదానిస్తే నువ్వూ నిదానించల్ల.”

“తెలుసు మామా. ఇందులో మిషన్లో ఉండేంత కష్టం కూడా లేదు.”

“మిషన్లో గుద్దితే ఏమవతాది?”

“ఏముండాది, ఇంకో కారు వస్తాది. మూడు దాకా ఇస్తాడు.”

“నా కాడ ఉండేది ఇదొక్కటే నాయనా. జ్ఞాపకం పెట్టుకో.”

కాళహస్తి బస్సు ఎదురుగా దూసుకొచ్చింది. గంగాధరం నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, స్టీరింగును వెంట్రుకవాసి ఎడమకు తిప్పాడు. బస్సు దాటిపోయింది. ఆ తరువాత మేకల మంద వచ్చింది. దాన్నీ తప్పించాడు.

“మిషనయితే దీనికి నూరు పాయింట్లు ఇచ్చుండు,” అన్నాడు.

“మేకలోడు నిన్ను తిట్టలేదు గదా. ఈడ అదే పాయింటు.”

ఆ మాటకు ధైర్యం వచ్చి యశోదమ్మ కళ్లు తెరిచింది. కొడుకు రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, మెడ నిటారుగా నిలిపి కూర్చున్నాడు. ఆమెకు ఒళ్లు పులకరించింది.

“బస్సులో అయితే చెవులు చిల్లులు పడతాయి. దీంట్లో సద్దే లేదే అబ్బోడా.”

“అది నడిపేవాణ్ని బట్టి ఉంటాది మా.”

దొరస్వామి కిటికీ వైపు తిరిగాడు.

“అయితే ఆ లారీని దాటిపోరాదా? దాని పొగంతా మన మొగాన్నే కొడతాండాది,” అంది యశోదమ్మ.

“దాటేది ఎవురైనా చేస్తారు మా,” అన్నాడు గంగాధరం గంభీరంగా. “దాటకుండా పొయ్యేదే పనితనం.”

దొరస్వామికి పొలమారింది. తువాలుతో కళ్లు తుడుచుకుంటూ, చాలాసేపు దగ్గాడు.

“ఏమన్నా, నీళ్లు తాగతావా?” అంది యశోదమ్మ ఆదుర్దాగా.

“వద్దులేమ్మా. నీ కొడుకు మాట సూటిగా గుండెల్లో దిగింది, అంతే.”

తిరుపతి వీధుల్లోకి రాగానే జనం ఆగి ఆగి చూడసాగారు. ఆటల అంగడి ముందు అతని సావాసగాళ్లు ఈలలు వేశారు. గంగాధరం ఒక చెయ్యి తీసి వాళ్లకు ఊపబోయాడు గాని, దొరస్వామి ఆ చేతిని పట్టి మళ్లీ స్టీరింగు మీద పెట్టాడు.

షెడ్డు ముందు లారీ ఆగింది. గంగాధరం సరిగ్గా ఆ క్షణానికే బ్రేకు నొక్కాడు. దొరస్వామి దిగి, కారు చుట్టూ తిరిగి, వంగి వంగి చూశాడు.

“గీత లేదు,” అన్నాడు.

యశోదమ్మ కొంగు గుప్పిట్లో నలుపుతూ దిగింది. “చెప్పన్నా. రేపు వీణ్ని గూడూరు రైలెక్కించల్నా, వద్దా?”

“వద్దమ్మా. ఈ బండి ఇట్లా ఉండేంత కాలం దీని డ్రైవరు నీ కొడుకే. ఇంతకన్నా బాగా చేసేవాణ్ని నేను యాడా చూడలేదు.”

యశోదమ్మ కొండ వైపు తిరిగి చేతులు జోడించింది. గంగాధరం కారు దిగి, తలుపును గారాబంగా మూశాడు. సిద్ధాంతం నిర్వివాదంగా రుజువైపోయింది.

“రేపు కొండ పైకి పోదామా మామా?”

“పోదాంలే,” అన్నాడు దొరస్వామి.

లారీ డ్రైవరు దిగివచ్చి, కారుకు కట్టిన మోకు విప్పాడు.