పరదా వెనక గాజులు

చీకటి పడ్డాక తాండూరులో జమాల్ ఇంటికి వెళ్లాను. అతని చావు అబద్ధమని బీమా కంపెనీ అనుమానం. నేను వాళ్ల వకీలుని. భార్య చాంద్‌బీ భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది; ఆ దినాల్లో పరాయి మగవాడి కంటపడదు. పరదా వెనక నుంచే మాట్లాడింది.

మాటల మధ్య గాజులు గలగలమన్నాయి. మొగుడు పోయినామెకు గాజులెక్కడివి?

“గాజులు తీయలేదేమమ్మా? జమాల్ బతికే ఉన్నాడా?”

పరదా కింద నుంచి రెండు బోసి చేతులు బయటికొచ్చాయి.

“గా దినమే పలగ్గొట్టిన్రు సార్. పైసలు ఆపకుండ్రి, పిల్లలున్నరు.”

చేతులు కదల్లేదు. గాజులు మళ్లీ మోగాయి.

“మరి ఆ చప్పుడు?”

“మీ ఎంబడే వచ్చింది గద సార్. మీ ఇంటామెను బయటనే నిలబెట్టిన్రా? జర లోపలికి రమ్మనుండ్రి.”

నాకు పెళ్లే కాలేదు. రిపోర్టులో విన్నది రాయాలా, చూసింది రాయాలా? నా వెనక గాజులు ఇంకాస్త దగ్గరగా మోగాయి.