మోచేతి దగ్గర కుట్టు

కత్తెర చప్పుడు విని దర్జీ ఆవిడ వెనక్కి తిరిగేసరికి చలికోటు చెయ్యి మోచేతి దగ్గర తెగి నేలమీద పడి ఉంది.

"కుట్టు విప్పమంటే కోసేశావేమే?"

"నువ్వేగా త్వరగా కానిమ్మన్నావు," అంది పదిహేనేళ్ళ కూతురు. స్నేహితురాళ్ళతో పోనివ్వలేదని పొద్దుటి నుంచీ ముఖం గంటు పెట్టుకునే ఉంది.

తల్లి చెయ్యెత్తింది. మళ్ళీ దించుకుంది. కొడితే కోటు అతుక్కోదు. ఇచ్చిన గుడ్డ పాడుచేస్తుందన్న మాట బయటికి పొక్కిందంటే ఇక ఆ వీధిలో మిషను మూసుకోవాల్సిందే.

"నడు. నీ నోటితో నువ్వే చెప్పు."

కోటు ఇచ్చినావిడ మూలింట్లో కొత్తగా అద్దెకు దిగింది. ఒక్కతే ఉంటుంది. ఎవరితోనూ కలవదు. 'మౌనవ్రతం' అని వీధివాళ్ళు పేరు పెట్టేశారు. "చేతులు పొడుగు. నాకు సరిపోయేలా తగ్గించండి," అని మాత్రం చెప్పి వెళ్ళింది.

తలుపు తీసింది ఆవిడ.

"నేనే కోశానండీ. కావాలనే," అంది పిల్ల, తలెత్తకుండా.

తెగిన ముక్కను ఆవిడ చేతిలోకి తీసుకుంది. చాలాసేపు నిమిరింది.

"పాత కోటే కదా," అంది చివరికి.

"అలా వదిలెయ్యకండి. ఏ శిక్ష వేసినా సరే," అంది తల్లి.

"అయితే తనే కుట్టాలి. ఇక్కడ, నా ఎదురుగా. మీ చెయ్యి పడకూడదు."

మొదటి ఆదివారం పిల్ల సాయంత్రానికి గానీ ఇంటికి రాలేదు.

"అయిందా?"

"వంకరగా ఉందట. విప్పించారు."

రెండో ఆదివారం కూడా అదే మాట.

మూడో ఆదివారం తల్లి నవ్వుతూ అడిగింది. "ఇవాళా విప్పించారా?"

"లేదు. నేనే విప్పాను. నాకే నచ్చలేదు."

"కోటు సంగతేమో గానీ, నువ్వు బాగుపడేలా ఉన్నావే."

ఆ నెలాఖరున పిల్ల కోటు తొడుక్కునే ఇంటికొచ్చింది.

"ఆంటీ ఊరు విడిచి వెళ్ళిపోయారమ్మా. దీన్ని నన్నుంచుకోమన్నారు."

"దేవతలాంటి మనిషి. ఏదో పాత కోటు కాబట్టి బతికిపోయాం," అంటూ కూతుర్ని అటూ ఇటూ తిప్పి చూసింది తల్లి. మోచేతి దగ్గర కుట్టు గీత గీసినట్టుంది. కింద అంచు మాత్రం కాస్త ఊడింది. సరిచేద్దామని తిరగేసింది.

చేతుల పని కదా అని కోటు తీసుకున్ననాడు చేతులే చూసింది గానీ, అంచు చూడలేదు.

అంచు మీద రెండు పాత మడతల గీతలున్నాయి. రెండుసార్లు విప్పి కోటు పొడుగు పెంచారు. లోపల మూడోసారికి ఇంకా రెండు వేళ్ళ గుడ్డ దాచి ఉంది.

పెద్దవాళ్ళ కోటుకు ఎవరూ అలా దాచరు.

"ఆవిడ భర్తదనుకున్నానే."

"వాళ్ళబ్బాయిదమ్మా. నా ఈడువాడే. పోయినేడు జ్వరమొచ్చి చనిపోయాడట."

తల్లి గబగబా వీధిలోకొచ్చింది. మూలింటికి తాళం వేసి ఉంది. రెండు చేతులూ జోడించి అటే చూస్తూ నిలబడింది.

"నీకెప్పుడు తెలిసిందే?" అంది వెనకే వచ్చిన కూతురితో.

"మొదటి ఆదివారమే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు. తెలిస్తే నువ్వు నన్ను కొడతావని."