ఇటుక రంగు

గొట్టంలో నీలం విరిగి ఇటుక రంగు తేలేసరికి తమిళ్‌సెల్వికి గుండె జారిపోయింది.

ఎర్రబడవలసింది అది కాదు. ప్లస్ టూ ప్రాక్టికల్ పరీక్ష. రెండు గొట్టాల్లో, చక్కెర తగిలితే ఎర్రబడే నీలి బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఒకదానిలో పరీక్షకుడిచ్చిన చక్కెర నమూనా, రెండోదానిలో ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్న సొంత మూత్రం చుక్కలు వేసి కాచాలి. ఇచ్చింది ఎర్రబడాలి, తెచ్చుకున్నది నీలంగానే ఉండాలి. కోవిల్‌పట్టిలోని ఆ బడిలో ఏటా ఇదే పద్ధతి.

విరుదునగర్ నుంచి వచ్చిన పరీక్షకుడు బాలచందర్ ఆమె బల్ల దగ్గర ఆగి తమిళంలో గద్దించాడు.

“రెండూ ఎర్రగా ఉన్నాయేం? గొట్టాలు కలిపేశావా?”

“లేదు సార్.”

“కడిగావా?”

“కడిగాను సార్.”

“అయితే నా ఎదుట మళ్ళీ చెయ్యి.”

తమిళ్‌సెల్వి రెండో గొట్టాన్ని పక్కన పెట్టింది. నర్సింగ్ సీటు ఈ మార్కుల మీదే ఆధారపడి ఉంది. కొత్త గొట్టం తీసుకుని, కొత్తగా ద్రావణం పోసి, సీసాలోంచి చుక్కలు వేసింది. దీపం మీద గొట్టాన్ని ఆడిస్తూ ఇంట్లో తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ద్రావణానికి దేవుడి భయం ఉండదు కదా. ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు, ఆ తర్వాత ఇటుక రంగు.

బాలచందర్ గొంతు తగ్గించాడు.

“ఈ సీసాలోది ఎవరిది?”

“నాదే సార్. పొద్దున పట్టిపెట్టాను.”

“పరీక్ష సరిగ్గానే చేశావు, మార్కులకు లోటు లేదు. కానీ రేపు పెద్దాసుపత్రికి వెళ్ళి రక్తం చూపించుకోమ్మా. ఆలస్యం చెయ్యకు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తప్పు చేసి ఉంటే మార్కులు పోయేవి. తప్పు చెయ్యలేదు కనుక ఒళ్ళే పోయింది. వాళ్ళ వీధి చివరి సుడలైమాడన్ తాతకు చక్కెర వ్యాధితోనే కాలు తీసేశారు. తనకింకా పదిహేడు నిండలేదు. బడి నుంచి ఇంటిదాకా తన కాళ్ళనే చూసుకుంటూ నడిచింది.

అమ్మ పొన్నుతాయి అప్పుడే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, గడపలో కూలబడి చెంబెత్తి గటగటా నీళ్ళు తాగుతోంది. పుల్లల మందుకు కాలిన వేలికి గుడ్డ చుట్టుకునే ఉంది. పొంగల్ పండగప్పుడు కాలిన వేలు నెల దాటినా ఇంకా మానలేదు.

“ఏమే సెల్వీ, మొగం అట్ల ఉండాది? పెయిలు అయితివా?”

“లేదుమా. మార్కులు పడె. నాకే సక్కర వ్యాది ఉండాదంట.”

“ఎవురు చెప్పిరి?”

“ఎవురో చెప్పేదేల? నేనే కాచి చూస్తిని. ఒకతూరి కాదు, రెండుతూర్లు. సీసాలోది ఎర్రగా అయిపాయె.” ఇక ఆగలేక అమ్మ ఒళ్ళో పడి ఏడ్చేసింది. “నా కాలు తీసేస్తారుమా!”

పొన్నుతాయి చెయ్యి కూతురి తల మీదే ఆగిపోయింది.

“ఏ సీసా? పొద్దున నేను తుడిచి, కాగితం చుట్టి ఇస్తినే, అదేనా?”

“అదే.”

“ఇంకో సీసా లేదే?”

“లేదుమా. అదొకటే.”

పొన్నుతాయి మొహం చాటంత అయింది. కూతురి గడ్డం పట్టి పైకెత్తి, తన కళ్ళలో నీళ్ళు తిరిగేలా పకపకా నవ్వింది.

“నీకేమీ లేదే, పిచ్చిపిల్లా! నువ్వు తల దువ్వుకుంటా ఉంటివే, అప్పుడు గోడ మీది సీసా నా చెయ్యి తగిలి పడి అంతా ఒలికిపాయె. పరీచ్చకు పొయ్యే బిడ్డకు చెబితే బయపడుతుందని నోరు మూసుకుంటిని.”

తమిళ్‌సెల్వి ఏడుపు ఆపి అమ్మను చూసింది.

“మరి సీసా నిండుగా ఉండెనే?”

గండం గడిచిన సంతోషంలో పొన్నుతాయి ఖాళీ అయిన చెంబును మళ్ళీ కుండలో ముంచింది.

“నాది పోసిస్తినే, కన్నూ.”