మూడు ప్రాంతాలూ కనబడే చోటు

బస్సు కొండ ఎక్కుతుంటే ఇంజను మోతను మించి పిల్లల గొంతులు మోగుతున్నాయి.

"మన రాష్ట్ర పక్షి?" టీచరు అడిగింది.

"రామచిలుక!"

"జంతువు?"

"కృష్ణజింక!"

"పువ్వు?"

"మల్లె!"

"మన రాష్ట్రంలో ప్రాంతాలెన్ని?"

"మూడు! కొండలు, మైదానం, తీరం!"

టీచరు మురిసిపోలేదు. ఇదంతా చిలకపలుకేనని ఆవిడకు తెలుసు. మొన్న క్లాసులో "సముద్రం ఎక్కడుందిరా?" అంటే ఒక బుడతడు లేచి, "పటంలో కుడిపక్కన, నీలం రంగులో ఉంది టీచర్" అన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆవిడకు మాత్రం మనసు చివుక్కుమంది. మైదానంలో పుట్టి మైదానంలోనే పెరుగుతున్న పిల్లలు. వాళ్ళకు కొండ అంటే బొమ్మ, సముద్రం అంటే రంగు.

అందుకే హెడ్మాస్టరు వెంటపడి, కాళ్ళావేళ్ళా పడి ఈ ప్రయాణం సాధించింది. కొండ కొమ్మున ఒక చోటుంది. అక్కడ నిలబడితే వెనక కొండలు, కింద మైదానం, దూరాన సముద్రం. మూడు ప్రాంతాలూ ఒక్క చూపులో కనబడతాయి. నిన్నంతా ముసురు పట్టేసరికి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. తెల్లారేసరికి మాత్రం ఎండ ఫెళ్ళున కాసింది.

ఇంకాస్త దూరం ఉందనగా డ్రైవరు బ్రేకు తొక్కాడు.

రోడ్డుకు అడ్డంగా, చేతులు చాపి ఒక ముసలాయన. మాసిన గడ్డం. మోకాళ్ళదాకా బురద.

"పైకి పోవద్దు. వెనక్కి తిప్పండి."

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏం, చెట్టేమైనా పడిందా?"

"ఏం పడలేదు."

"మరి?"

"వాన పడింది కదా. పోవద్దు."

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "నాకీ దారి కొత్త మేడం. ఈయన్ని చూస్తే మాత్రం తిక్కమనిషిలా ఉన్నాడు."

టీచరు దిగింది.

"వాన రాత్రే వెలిసిందండీ. ఎండ చూడండి ఎలా కాస్తోందో."

"ఎండని నమ్మొద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా."

అనడమే కాదు, వంగి పట్టుకోబోయాడు. ఆవిడ గభాలున వెనక్కి జరిగింది.

కిటికీల నిండా పిల్లల తలలే. వాటిలోంచి ఓ గడుగ్గాయి అరిచింది. "తాతా! మన రాష్ట్ర పక్షి ఏదో చెప్పు!"

"తెలీదు తల్లీ."

"పోనీ జంతువు?"

"అదీ తెలీదు. మీరెంతమంది ఉన్నారమ్మా లోపల?"

"తాత ఫెయిలు!" బస్సంతా గొల్లుమంది.

టీచరుకు ఓపిక నశించింది. "అసలెవరండీ మీరు? రోడ్డు డిపార్టుమెంటా? పోలీసా?"

"ఎవర్నీ కాదు."

"అయితే తప్పుకోండి. ఈ రోజు కోసం పిల్లలు ఎన్నాళ్ళుగానో కలలు కంటున్నారు."

ఆయన తప్పుకోలేదు. చివరికి డ్రైవరు దిగి, రెక్క పట్టుకుని పక్కకు ఈడ్చాడు.

"పోనివ్వండి" అంది టీచరు, బస్సెక్కి.

బస్సు కదిలిందో లేదో ముసలాయన మళ్ళీ ముందుకొచ్చాడు. ఈసారి అడ్డం నిలబడలేదు.

"అయితే నేను ముందు పోతా! నా వెనకాలే రండి. మెల్లగా!"

రోడ్డు నడిమధ్యన పైకి పరుగు లంకించుకున్నాడు. డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. ఆయన జరగడు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, మెల్లగా, మెల్లగా అని చేత్తో చెబుతున్నాడు. డ్రైవరు పళ్ళు నూరుకుంటూ నత్తనడక నడిపాడు.

పిల్లలకు మంచి ఆట దొరికింది. "తాతా, ఉరుకు! తాతా, ఉరుకు!"

టీచరుకూ నవ్వు ఆగలేదు.

ఆయన మలుపు తిరిగి కనుమరుగయ్యాడు.

ఏదో బరువైన మూట కింద పడ్డట్టు చప్పుడైంది.

బస్సు మలుపు తిరిగింది. డ్రైవరు బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు.

ముందు రోడ్డు లేదు.

రోడ్డు ఉండాల్సిన చోట ఎర్రమట్టి. లోయలోకి ఇంకా జారుతూనే ఉంది. విరిగిన అంచుకు అవతల, ఎక్కడో దూరాన, సముద్రం మెరుస్తోంది.

ముసలాయన లేడు.

గడుగ్గాయి ఒక్కతే చిన్న గొంతుతో అడిగింది.

"టీచర్, తాతేడీ?"



డ్రైవరు బస్సును అంగుళం అంగుళం వెనక్కి దించాడు. కొండ దిగువన టీకొట్టు దగ్గర ఆపి, పోలీసులకు ఫోను చేశాడు. తాళ్ళతో మనుషులు పైకి వెళ్ళారు. ఉత్త చేతులతో దిగి వచ్చారు.

కొట్టావిడ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"వాన పడిందంటే చాలమ్మా, వచ్చి ఆ మలుపుకు ఇవతల నిలబడేవాడు. ఆయన నిలబడ్డ ఇన్నేళ్ళలో కొండ ఒక్కసారీ కదల్లేదు. తిట్టినవాళ్ళు తిట్టారు, కొట్టినవాళ్ళు కొట్టారు. మేమూ నవ్వాం. ఇవాళ..."

"ఎందుకలా నిలబడేవాడు?" అడిగింది టీచరు.

"చాలా ఏళ్ళ కిందట, అక్కడే, వాన వెలిసిన మర్నాడు, కొండ జారి, బడిపిల్లల బస్సొకటి లోయలో పడింది. పిల్లలకు సముద్రం చూపిద్దామని తీసుకొచ్చారంట. ఒక్క బిడ్డ మిగల్లేదు."

టీచరు బస్సు వైపు చూసింది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని ఉన్నారు.

"ఆ బస్సులో... ఆయన బిడ్డ ఉందా?"

కొట్టావిడ తల అడ్డంగా ఊపింది.

"ఆయనకు పెళ్ళే కాలేదమ్మా. ఆ బస్సు నడిపింది ఆయనే."